నిచ్చెన దిగండి నాన్నా

నా ఫోన్‌లో పదకొండు సెకన్ల వీడియో ఒకటి ఉంది. 2018 డిసెంబర్‌ది. ఈ ఏడేళ్లలో మూడు ఫోన్లు మార్చా, ప్రతిసారీ బ్యాకప్‌తో పాటు అదీ వచ్చేసింది. ఎవరికీ చూపించలేదు. డిలీట్ కూడా చెయ్యలేదు. మొన్నటిదాకా నేనే పూర్తిగా చూడలేదు.

పెథాయ్ తుపాను గుర్తుందా? ఆ ఏడాది డిసెంబర్ 17న మా కోనసీమలోనే, కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. నేనప్పుడు బీటెక్ ఫైనలియర్. ఇంట్లోనే ఉన్నా. మర్నాడు పొద్దున్న పెరట్లో మామిడి కొమ్మ ఒకటి విరిగి వేలాడుతుంటే నాన్న వెదురు నిచ్చెన వేసుకుని, గొడ్డలి పట్టుకుని ఎక్కారు. కింద నిచ్చెన పట్టుకోమని నాకు చెప్పారు. పట్టుకున్నా, ఒక చేత్తో. రెండో చేతిలో ఫోన్ ఉంది. 'మా నాన్న హీరో' అని స్టేటస్ పెడదామని తీస్తున్నా.

పదో సెకనులో కొమ్మ చివర తెగి కిందపడుతుంది. పదకొండో సెకనులో ఫోన్ నేల వైపు తిరిగిపోతుంది. అంతే, అక్కడితో ఆగిపోతుంది.

నాన్న కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆయన స్కూల్ టీచర్. రెండు నెలలు బోర్డు మీద ఎడమ చేత్తో రాశారు. ఇప్పటికీ వాటర్ బాటిల్ మూత బిగుసుకుపోతే మాట్లాడకుండా అమ్మ చేతికిస్తారు. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

పోయిన నెల ఇన్వర్టర్ బ్యాటరీ గురించి రాస్తే 'ఇంటి పనుల మీద ఇంకా రాయండి' అని చాలామంది అడిగారు. ఈసారి వేరే ఏదో రాద్దామనుకున్నా. ఈలోపు మొంథా వచ్చింది.

నాగుల చవితికని శనివారం ఊరొచ్చా. తుపాను అంటున్నారు కదా, అమ్మానాన్నల్ని వదిలి ఎందుకు వెళ్లడమని వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఉండిపోయా. అక్టోబర్ 28, మంగళవారం రాత్రి మా రాజోలు వైపు నిద్రపోయినవాళ్లు ఉండరు. కరెంటు ముందే పోయింది. గాలి హోరులో ఎక్కడో రేకులు ఎగిరిపడుతున్న చప్పుడు, కొబ్బరికాయలు రాలుతున్న చప్పుడు, మధ్యలో పెరటి వైపు నుంచి ఫెళ్లుమని ఒక పెద్ద శబ్దం. "మామిడే" అన్నారు నాన్న చీకట్లో. ఇంకెవరం మాట్లాడలేదు.

ఆ చెట్టు నానమ్మ నాటింది. కొత్తపల్లి కొబ్బరి రకం. మా ఇంట్లో ప్రతి ఏడూ ఆవకాయ దాని కాయలతోనే. హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌మేట్స్‌కి ఆ చెట్టు పేరు తెలుసు, నా మేనేజర్ పేరు తెలీదు.

తెల్లారి తలుపు తీస్తే పెరడు గుర్తుపట్టలేనట్టుంది. తొడంత లావు కొమ్మ ఒకటి పూర్తిగా విరిగిపడింది. దాని మొదలు బట్టలుతికే రాయి మీద, చివర పెరటి గోడ మీద ఆని, మధ్యభాగం గాల్లో వంతెనలా ఉంది. తులసికోటకి వెళ్లే దారి సరిగ్గా దాని కిందనుంచే. ఇంకో కొమ్మ, నాలుగంగుళాల లావుది, నా ఛాతీ ఎత్తులో చీలి సగం ఊడి సగం అంటుకుని వాలిపోయింది. పైన డాబా ఎత్తులో విరిగిన కొమ్మ ఇంకోటి పక్క కొమ్మల్లో ఇరుక్కుని మెల్లగా ఊగుతోంది. వీధి వైపు నేరేడు కొమ్మ మా సర్వీస్ వైరు మీద వాలింది. పక్కింటి బాదం చెట్టయితే వేళ్లతో సహా లేచి మా గోడ మీద తల పెట్టుకుని పడుకుంది.

నేను ఇంకా ఇవన్నీ చూస్తుండగానే నాన్న నిచ్చెన తెచ్చేశారు.

తొందరకి కారణం అమ్మ. కార్తీకమాసం. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టాలి. దారి మూసుకుపోయింది. "ఒక్క గంట పనే అమ్మలూ, నువ్వు లోపలికి పో" అంటారు నాన్న. ఆయనకిప్పుడు యాభై ఏడు. 1996 నవంబర్ 6 తుపాను నాటికి ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. అప్పుడు మా వీధిలో పడిపోయిన కొబ్బరిచెట్లన్నీ కుర్రాళ్లంతా కలిసి ఎలా నరికి దారి చేశారో నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నా. ఆ కథలో యంత్రాలు లేవు, గ్లవుజులు లేవు, ఎవరికీ దెబ్బలు కూడా తగల్లేదు. అలాంటి కథలున్న నాన్నకి ఇరవై ఎనిమిదేళ్ల కూతురు 'అలా కాదు నాన్నా' అని చెప్పడం ఎంత కష్టమో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

"నిచ్చెన దిగండి నాన్నా" అన్నా. రెండు మెట్లు ఎక్కారు అప్పటికే.

"నువ్వు పట్టుకుంటే చాలు. ఈసారి రెండు చేతులతో పట్టుకో."

నవ్వుతూనే అన్నారు. ఏడేళ్లలో మొదటిసారి ఆ మాట వచ్చింది. నాకు నవ్వు రాలేదు. లోపలికెళ్లి ఫోన్ తెచ్చి, ఆ వీడియో తీసి ఆయన చేతిలో పెట్టా.

అరుగు మీద కూర్చుని చూశాం. నేను ఇంజనీర్‌ని కదా, నాలుగో సెకను నుంచి స్లో చేసి పెట్టా. అప్పుడు కనిపించింది, ఇన్నేళ్లూ నేను చూడటానికి భయపడినది. నిచ్చెన పై భాగం ఆనించింది నాన్న నరుకుతున్న ఆ కొమ్మకే. బరువుగా ఉన్న చివర తెగిపడగానే మిగిలిన కొమ్మ ఒక్కసారిగా పైకి లేచింది. లేచేసరికి నిచ్చెనకి పైన ఆధారం పోయింది. కింద పాదాలు కదల్లేదు. పైభాగమే పక్కకి జారిపోయింది. అప్పటికి నా చెయ్యి నిచ్చెన మీదే ఉంది, వీడియోలో వేళ్లు కనిపిస్తున్నాయి.

నాన్న మూడుసార్లు చూశారు. "నువ్వు రెండు చేతులతో పట్టుకున్నా పడేవాణ్ణే" అన్నారు. తర్వాత నిచ్చెన తీసుకెళ్లి పశువుల పాకలో పెట్టేసి వచ్చారు.

కాబట్టి మొదటి సంగతి ఇదే. నిచ్చెన ఎక్కి కొమ్మ కొయ్యొద్దు. 'జాగ్రత్తగా ఎక్కుతా', 'మావాడు పట్టుకుంటాడు' అనేవి లెక్కలోకి రావు. కోసిన ముక్క పడేటప్పుడు ఊగి నిచ్చెనని కొట్టొచ్చు, లేదా మా ఇంట్లో జరిగినట్టు బరువు తగ్గిన కొమ్మే పైకి లేవొచ్చు. రెండింట్లో ఏదైనా సెకనులోపే అయిపోతుంది. నేల మీద రెండు కాళ్లూ పెట్టి, భుజం ఎత్తు దాటకుండా కోయగలిగితేనే అది మన పని. దాటితే ఆ పని తెలిసిన మనిషిది. ఈ ఒక్క గీత గీసుకుంటే మా పెరట్లో ఉన్న ఐదింటిలో మాకు మిగిలినవి రెండే.

సర్వీస్ వైరు మీద వాలిన నేరేడు కొమ్మని నాన్న వెదురుగడతో తోసేద్దామన్నారు. "కరెంటు లేదుగా" అన్నారు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇదే అంటారు. కరెంటు లేదని మనకెలా తెలుసు? ఫ్యాన్ తిరగట్లేదు కాబట్టి. అంతేగా! తుపాను తర్వాత లైన్ ఎప్పుడు చార్జ్ చేస్తారో మనకి ఫోన్ చేసి చెప్పరు. వీధిలో ఎవరైనా జనరేటర్ తప్పుగా కలిపితే దాని కరెంటు లైన్‌లోకి వెనక్కి వచ్చే ప్రమాదం కూడా ఉంది. తడిసిన పచ్చి కొమ్మలోంచి, తడి వెదురులోంచి కరెంటు శుభ్రంగా పాకుతుంది. వైరు తెగి నేల మీద పడి ఉంటే ముప్పై, నలభై అడుగుల దూరంలోనే ఆగిపోవాలి, ఎందుకంటే చుట్టుపక్కల తడి నేలలో కూడా కరెంటు ఉండొచ్చు. 1912కి ఫోన్ చేసి చెప్పాం, లైన్‌మన్‌కీ విడిగా చెప్పాం. ఊరంతా స్తంభాలు పడిపోయి వాళ్లు నిద్రాహారాలు లేకుండా తిరుగుతున్నారు, మా కొమ్మ వంతు వచ్చేసరికి మూడోరోజయింది. వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆపి, లైన్‌లో కరెంటు లేదని మళ్లీ ఒకసారి చూసుకుని, అప్పుడు కోశారు. రోజూ అదే పని చేసే మనిషే రెండోసారి చూసుకున్నాడు, గమనించండి.

బాదం చెట్టు గురించి ఒక్క మాట. వేళ్లతో లేచిన చెట్టు పడిపోయింది కదా, ఇక కదలదనిపిస్తుంది. కానీ ఆ వేళ్ల ముద్ద, దానికి అంటుకున్న మట్టి కొన్ని వందల కిలోలు ఉంటాయి. మొదలు దగ్గర మాను కోస్తే, లాగిపెట్టే బరువు పోయి ఆ ముద్ద మళ్లీ గోతిలోకి వాలిపోతుంది, మొద్దు నిటారుగా లేస్తుంది. ఆ గోతిలో పిల్లలు దిగి ఆడుకుంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. పక్కింటి పిన్నిగారికి చెప్పి వాళ్లని ముందు అక్కణ్ణుంచి లేపించాం.

బుధవారమంతా ఏమీ చెయ్యలేదు. గాలి విసురు తగ్గలేదు, బెరడంతా తడిగా జారుతోంది. నాన్న అసహనంగా పెరట్లో పచార్లు చేశారు. నేను ఒక లెక్క వేసి చూపించా. దారికడ్డంగా ఉన్న కొమ్మ లావు అడ్డంగా ఇరవై సెంటీమీటర్లు, పొడవు నాలుగు మీటర్లు. ఘనపరిమాణం ఘనమీటరులో ఎనిమిదో వంతు వస్తుంది. పచ్చి కర్ర నీటికంటే కొంచెం తేలికనుకున్నా వంద కిలోలు. ఆకులు, చిన్న కొమ్మలు అదనం. "సిమెంటు బస్తాలు రెండు గాల్లో ఉన్నట్టు నాన్నా" అంటే అప్పుడు ఆగారు. చూడ్డానికి కొమ్మే కదా అనిపిస్తుంది, బరువు ఊహకి అందదు.

మా పెదనాన్నగారి అబ్బాయి చైన్ సా అద్దెకి తెస్తానన్నాడు. వద్దన్నా. అన్నయ్య ఎప్పుడూ పట్టుకోలేదు, రీల్స్‌లో చూశాడు. ఆ రంపం పట్టీ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మొత్తం మిషన్ మనిషి మొహం మీదకి ఎగిరొస్తుంది. మనం చేతులతో ఆపేలోపే జరిగిపోతుంది. శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టినవాణ్ణి చూశాను గానీ, అక్కడ పోయేది వీకెండే.

గురువారం పొద్దున్న ఎండ వచ్చాక మొదలుపెట్టాం. వంపు తిరిగిన చేతి రంపం ఒకటి కొన్నా, లాగినప్పుడు కోసే రకం. వెయ్యి రూపాయల లోపే. గాగుల్స్ నా స్కూటీ డిక్కీలో ఉన్నాయి, హెల్మెట్ కూడా అదే. నాన్నకి లుంగీ తీసేసి ప్యాంటు, బూట్లు వేయించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేనూ చున్నీ తీసేసి జుట్టు ముడేసుకున్నా. ఫుల్ హ్యాండ్స్ తప్పనిసరి, మామిడి జీడి చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ముందు ఒక పొడవాటి కర్రతో ఆకుల కిందంతా కదిపి చూశాం. వాన నీళ్లకి పాములు పొడి చోటు వెతుక్కుంటూ వచ్చి ఇలాంటి కుప్పల కిందే దూరతాయి. మాకు పాము రాలేదు, ఎర్ర చీమలు మాత్రం వెయ్యి వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. దీనికోసమే ఈ వారం కాలమ్ రాస్తున్నా.

తుపానుకి విరిగిన కొమ్మ మామూలు కట్టెలాంటిది కాదు. ఎక్కడో ఆనుకుని, బరువుతో వంగి, లోపల బిగుసుకుని ఉంటుంది. పచ్చి వెదురుబద్ద ఒకటి వంచి చూడండి. వంపు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. కొమ్మలోనూ అంతే. నొక్కుకున్న వైపు కోస్తే కోత మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది. సాగిన వైపు ఒకేసారి లోతుగా కోస్తే ఫటేలున చీలి ఎగిరొస్తుంది. కాబట్టి రంపం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇది ఎక్కడెక్కడ ఆనుకుని ఉంది?

రెండు చివర్లా ఆని మధ్యలో గాల్లో ఉంటే, మా తులసికోట దారిలో కొమ్మలాగ, పైవైపు నొక్కుకుని ఉంటుంది, కిందవైపు సాగి ఉంటుంది. అప్పుడు పైనుంచి మూడో వంతు మాత్రమే కోసి ఆపాలి. తర్వాత కిందనుంచి పైకి కోసి రెండు కోతల్నీ కలపాలి. ఒకవైపే ఆని రెండోవైపు వేలాడుతుంటే దీనికి పూర్తిగా తలకిందులు. పైవైపు సాగి ఉంటుంది. ముందు కిందనుంచి కొంచెం, తర్వాత పైనుంచి. పక్కకి వంగి ఇరుక్కున్నది ఉంటే ఆ వంపు బయటి వైపు అసలు నిలబడొద్దు, కోస్తే వచ్చేది అటే. సన్నగా, విల్లులా బాగా వంగి రెండువైపులా ఇరుక్కున్న కొమ్మనైతే ముట్టుకోకపోవడమే మేలు.

ఇదంతా నాన్నకి చెప్పా. విన్నారు. విని, పైనుంచి కోయడం మొదలుపెట్టి, ఆపకుండా కోసుకుంటూ పోయారు. సగానికి రాగానే రంపం బిగుసుకుపోయింది. లాగారు, రాదు. నావైపు చూశారు. నేనేమీ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు. అమ్మ వంటింటి కిటికీలోంచి నవ్వింది.

కోసే చోటుకి రెండువైపులా కింద ఇటుకలు పేర్చి ఎత్తు పెట్టాం, ముక్కలు తెగినా బెత్తెడు కంటే ఎక్కువ పడకుండా. అవి పెట్టడానికి కూడా కర్రతో తోశాం తప్ప కొమ్మ కిందకి చేతులు పెట్టలేదు. అన్నయ్య ఒక పలుగుతో పైకి ఎత్తిపడితే కోత కొంచెం తెరుచుకుని రంపం బయటికొచ్చింది. తర్వాత నేను పక్కన కూర్చుని కిందనుంచి మెల్లగా కోశా. ఇక్కడ కళ్లు రంపం పళ్ల మీద కాకుండా కోత మీద ఉండాలి. ఆ సందు వెడల్పు అవుతోందా, మూసుకుంటోందా? సందు తెరుచుకోవడం మొదలైతే కొమ్మ మాట్లాడుతోందన్నమాట, చెయ్యి నెమ్మదించాలి. టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. రంపం తీసేసి వెనక్కి జరిగా. ఇంకో రెండు లాగులకి తెగి ఇటుకల మీద కూర్చుంది.

చెప్పడం మర్చిపోయా. మొదలుపెట్టే ముందే వెనక్కి జరిగే దారి చూసుకుని అక్కడ ఆకులు, తాళ్లు లేకుండా ఊడ్చుకోవాలి. నేరుగా వెనక్కి కంటే ఏటవాలుగా వెనక్కి. ఒక్కళ్లే ఎప్పుడూ చెయ్యొద్దు. కోసేది ఒకరు, చూసేది ఒకరు, ఆ చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండొద్దు. జేబులో ఉంటే చాలు, 108కి చెయ్యాల్సొస్తే తీయొచ్చు. నాకు బాగా తెలిసిన విషయం ఇది.

కింద పడి ఉన్న కొమ్మకి చిన్న రెమ్మలు చాలా ఉంటాయి. నేల వైపు ఉన్నవి చాలాసార్లు కుర్చీ కాళ్లలా మొత్తం బరువు మోస్తుంటాయి. అవి ముందు కోసేస్తే మాను మన పాదం మీదకి దొర్లుతుంది. పైవి ముందు, ఆనిన్నవి ఆఖరున.

రెండోది, ఛాతీ ఎత్తులో చీలి వాలిన కొమ్మ. దీనికి మూడు కోతలు. ముందు చివర్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి బరువు తగ్గించాం. తర్వాత మానుకి అడుగు దూరంలో, కిందనుంచి పావు వంతు లోతు కోత. దానికి రెండు, మూడంగుళాలు అవతలగా పైనుంచి రెండో కోత, కొమ్మ తెగిపడేదాకా. కిందకోత ఎందుకంటే, అది లేకపోతే కొమ్మ తెగే క్షణంలో బెరడు పట్టుకుని కిందిదాకా చీల్చుకుంటూ పోతుంది. బరువంతా పోయాక మిగిలిన అడుగు ముక్కకి మూడో కోత. ఇది ఎక్కడ పెట్టాలన్నదాని మీద నాన్నకీ నాకూ మళ్లీ చర్చ నడిచింది.

కొమ్మ మానులో కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, గాజుల దగ్గర చొక్కా మడతలా. చెట్టు గాయాన్ని మూసుకునే పని ఆ ఉబ్బులోంచే మొదలవుతుంది. దాన్ని వదిలేసి, దానికి సరిగ్గా బయట కోయాలి. నున్నగా ఉండాలని మానుకి అంటగా కోస్తే ఆ ఉబ్బు పోతుంది. బద్ధకించి జానెడు మోడు వదిలేస్తే అది ఎండి, కుళ్లి, కుళ్లు లోపలికి దారి చేసుకుంటుంది. అలెక్స్ షిగో అని అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి చెప్పాడు. చెట్టుకి మనలాగా గాయం మానదు, పాడైన భాగం చుట్టూ లోపల గోడ కట్టుకుని దాన్ని మూసేస్తుంది, అంతే.

ఇది చెప్తుంటే నాన్న లేచి వెళ్లి చెట్టుకి అవతలి వైపు నిలబడ్డారు. అక్కడ 2018 నాటి మోడు ఉంది. ఆ రోజు ఆయన కిందపడ్డాక దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అడుగున్నర మోడు, దాని కిందనుంచి చీలిపోయిన బెరడు, అలాగే ఏడు వానాకాలాలు తడిసింది. వేలు పెడితే లోపలికి పోయింది, పొట్టులా రాలింది. ఈసారి విరిగిన పెద్ద కొమ్మ సరిగ్గా ఆ కుళ్లు పక్కనుంచే ఊడింది.

"అంటే అప్పుడు సరిగ్గా కోసుంటే..." అన్నారు.

"ఏమో నాన్నా. గాలి కూడా అలా వచ్చింది కదా."

తర్వాత మూడో కోత ఆయనే పెట్టారు. ఉబ్బుకి బయట, నేను చెప్పిన చోటే, మెల్లగా, ఆ వంకర మణికట్టుతో. కోసిన చోట తారు పుయ్యాలని పాత అలవాటు. తారు, పెయింట్ అక్కర్లేదు, తడి లోపల బంధించి ఇంకా చెడుపు చేస్తాయి. మామిడికి బూజు తెగుళ్ల భయం ఉంటుంది కాబట్టి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు మాత్రం రాశారు నాన్న. అది మందు, పూత కాదు. ఆ విషయం నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆ సాయంత్రం దారి తెరుచుకుంది గానీ అసలు భయం పైనే ఉంది. విరిగి, దేనికీ అంటుకోకుండా పక్క కొమ్మల్లో ఇరుక్కుని ఊగుతున్న కొమ్మ. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని 'విడో మేకర్' అంటారు, పేరులోనే ఉంది. గాలి లేనప్పుడు కూడా, కాకి వాలినా జారిపడొచ్చు. తాడు వేసి లాగుదామని అన్నయ్య చాలా ఉబలాటపడ్డాడు. తాడు లాగేవాడు ఎక్కడ నిలబడతాడు? అది పడే దారిలోనే. వద్దని అందరం కలిసి ఆపాం. నాన్న కూడా ఈసారి నా వైపే.

చెట్లు కొట్టే బాబాయ్‌కి అప్పటికే ఊళ్లో పాతిక ఇళ్ల పని ఉంది. మూడు వేలవుతుందన్నారు. నాన్న "డబ్బులు చెట్లకి కాస్తాయా" అనబోయి, మణికట్టు చూసుకుని ఆగిపోయారు. ఆ ఆపరేషన్‌కి ఎంతయిందో ఆయనకి గుర్తే. శుక్రవారం ఒక పూట వచ్చి చూసి వెళ్లారు బాబాయ్. పనిముట్లు కింద పెట్టేసి, చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, తల పైకెత్తి చాలాసేపు నిలబడ్డారు. ఏం చూస్తున్నారని అడిగా. "ఆయ్, ఎక్కడానికి అయిదు నిమిషాలు చాలండి అమ్మాయిగారూ. ఎక్కడెక్కాలో చూసుకోడానికే టైము" అన్నారు. ఏ కొమ్మకి తాడు కట్టాలో, విరిగింది ఎటు దింపాలో నాకు చేత్తో చూపించారు. నేను చూసుంటే ఎంచుకునే కొమ్మ కాదది. దాని మొదట్లో సన్న చీలిక ఉందట, ఆయన చూపించేదాకా నాకు కనపడలేదు.

ఆదివారం వస్తానన్నారు. అప్పటిదాకా చెట్టు కింద ఎవరూ నడవకుండా చుట్టూ నాలుగు కుర్చీలు పెట్టి నైలాన్ తాడు కట్టాం. కొత్తగా తెరిచిన దారి సగం ఆ తాడు లోపలికే వచ్చింది, అంత కష్టపడి కోసింది. అమ్మ మాత్రం దీపం, అగ్గిపెట్టె పట్టుకుని రోజూ వీధి గుమ్మంలోంచి బయటికెళ్లి, ఇల్లంతా చుట్టి, అవతలి సందులోంచి తులసికోట దగ్గరికి వస్తోంది.